చొల్లంగి స్నానము, ఉప్పాడ తీరము



పుష్య బహుళ అమావాస్యకు గోదావరీ మండలమున చొల్లంగి అమావాస్య యని పేరు. గోదావరి ఏడు పాయలై సముద్రమును చేరుననియు, ఆ పాయలు ఋషుల పేరిట వెలసినవనియు పెద్దలు చెప్పుదురు. వానిలో మొదటిదగు తుల్యభాగ కాకినాడకు దక్షిణమున చొల్లంగి కడ సాగరమును కలియును. ఆత్రేయ కోరంగి కడ కలియును. కడపటిదగు వసిష్ఠ అంతర్వేది కడ కలియును. ఈ యేడు సంగమములందును వరుసగా స్నానమాడుటయే సప్తసాగర యాత్ర. యాత్ర సాంతము చేయజాలని సంసారిణులు మొదటి స్నానమైనను చేసి సంతుష్టి నొందుదురు. మేమును ఆ కోవలోనివారమే. ఈ యేడు మావారి బడికి సెలవు కలిసివచ్చుటచే పెద్దత్తగారిని, పిల్లలిద్దఱిని వెంటబెట్టుకొని ముందునాటి సాయంకాలమే కాకినాడ చేరి, తెల్లవారుజామున చొల్లంగికి బస్సెక్కితిమి.

సాగరసంగమ మన్నంతనే తరంగములు ఫెళఫెళ విఱుగు తావును మనసున చిత్రించుకొని పోవువారికి చొల్లంగి ఆశ్చర్యము గొల్పును. అచ్చట కెరటము లేదు. బూడిదవన్నె నీరు, అడుగిడిన దిగబడు ఒండ్రు, దూరమున ఆకుపచ్చని ప్రాకారమువలె మడ యడవి, అంతే. నది ఎచ్చట ముగిసెనో సముద్ర మెచ్చట మొదలిడెనో చెప్ప నలవిగాదు. చలిలో వణకుచు సంకల్పము చెప్పుకొని మునిగితిమి. నోటికి తగిలిన నీరు ఉప్పన కాదు, చప్పన కాదు.

స్నానమైన పిదప గట్టుమీద నిలిచి చూడగా మనసు కలుక్కుమన్నది. పసుపుకుంకుమల పొట్లములు, ప్రసాదము తెచ్చిన ప్లాస్టిక్ సంచులు, థర్మాకోలు దొన్నెలలో పెట్టి వదలిన దీపములు, అన్నియు నీటియంచున ఒక బారుగా చేరియున్నవి. పూవు కుళ్లి మన్నగును. ఆకుదొప్ప చివికి చేపకు మేతయగును. ప్లాస్టిక్ సంచి మాత్రము తునకలై, ఆ తునకలు మఱింత చిన్న తునకలై, కంటికి కానరానంతటి నలుసులైనను మన్ను కానేరదు. పోటు తీసిన వెంటనే ఆ బారంతయు సముద్రములోనికి పోవును. గంగమ్మకు సమర్పించిన దానిని గంగమ్మ త్రిప్పి పంపజాలదు గదా!

అంతలో పెద్దత్తగారు తడి చీర పిండుకొనుచు, "అమ్మాయీ, స్నానం అయింది గదా, ఇక ఇంటికి పోదాం. చేప ముట్టని ఇంటివాళ్లం, సముద్రంతో మనకింకేం పని?" అనిరి.

ఆమె మాట త్రోసివేయదగినది కాదు. తీరమునకు దూరముగా నుండు చాలమంది గృహిణుల మనసులోని మాట అదియే. సముద్ర మన్న బెస్తవారి సొత్తు, ఓడలవారి త్రోవ, యాత్రికుల కొక్కనాటి ముచ్చట. అయితే ఆనాటి ఉదయము అత్తగారు త్రాగిన కాఫీలోని నీరెక్కడిది? గోదావరిది. గోదావరిలోని నీరెక్కడిది? జూను మాసమున నైరృతి గాలి మోసికొనివచ్చు మేఘములది. ఆ మేఘములలో హెచ్చుపాలు హిందూమహాసముద్రము నుండియు, అరేబియా సముద్రము నుండియు, ఈ బంగాళాఖాతము నుండియు సూర్యుడు తోడిన నీరు. సముద్రునకు నదీపతి యని పేరు పెట్టిన పూర్వులు నదులు పతిని చేరుట నొక్కదానినే కాక, పతియే నదులను మరల కొండలకు పంపుటయు నెఱిగియుందురని మాకు తోచును. మన యింట వరి యన్నము ఉడికినంతకాలము మనము సముద్రముతో పని లేనివారము కాము.

ఊపిరి సంగతియు అట్టిదే. భూమిమీద ఏటేట పుట్టు ప్రాణవాయువులో సుమారు సగము సముద్రపు నీటిలో తేలియాడు, కంటికి కానరాని నాచు మొక్కలవలన పుట్టుచున్నది. అందులో చాల భాగము సముద్రములోని జీవులే వాడుకొనునన్న మాట నిజము. కాని యుగములుగా అట్లు మిగిలిన కొంచెము కొంచెమే మన గాలిలో చేరి నిలిచినది. మఱియు మనము బొగ్గును, నూనెను కాల్చుటచే పుట్టు బొగ్గుపులుసు వాయువులో ఇంచుమించు నాలుగవ వంతును సముద్రము మ్రింగుచున్నది. ఆ వాయువువలన భూమికి హెచ్చిన వేడిలో నూటికి తొంబది పాళ్లకు పైగా తనలో దాచుకొనుచున్నది. క్షీరసాగరమథనమున పుట్టిన హాలాహలమును శివుడు కంఠమున నిలిపెనని చదువుకొంటిమి. ఇప్పుడు హాలాహలము మన పొయ్యిలలోను, బండ్లలోను పుట్టుచుండగా, దానిని మ్రింగువాడు సముద్రుడే యైనాడు. శివుని కంఠము కమిలినట్లే వీని యొడలును మాఱుచున్నది. యంత్రములు తామరతంపరగా పెరిగిన ఈ రెండువందల యేండ్లలో సముద్రజలపు పులుపుదనము నూటికి ఇంచుమించు ముప్పది వంతులు హెచ్చినది. గుల్లలు, పగడములు తమ పెంకులను కట్టుకొనుట కష్టమగుచున్నది. నీరు వేడెక్కిన కొలది తుపానులకు బలము హెచ్చును. ఇరువదియాఱున్నర డిగ్రీలకు మించిన సముద్రజలమే తుపానునకు ఆహారము.

ఇవి యన్నియు చెప్పినమీదట అత్తగారు నవ్వి, "సరే, నీ సముద్రాన్ని ఇంకాస్త చూపించు," అనిరి. కోరంగికి సాగితిమి.

చొల్లంగి నుండి యానాము త్రోవను కొంతదూరము పోయిన కోరంగి. నేడు చిన్న పల్లె. ఒకప్పుడు తూర్పుతీరమున పేరుమోసిన రేవు; ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును ప్రసిద్ధి కెక్కిన తావు. ఇచ్చటి నుండి ఓడలెక్కి రంగూను పోయిన మన తెలుగువారిని బర్మాలో ఊరి పేరిటనే కోరంగీలని పిలిచెడివారట! అట్టి రేవును సముద్రమే రెండుమార్లు తుడిచిపెట్టినది. 1789 డిసెంబరులో మూడు పెనుకెరటములు ఒకదాని వెంట నొకటి వచ్చి ఊరిని ముంచినవి. మరల 1839 నవంబరులో వచ్చిన ఉప్పెనతో రేవు కోలుకొనలేదు. ఎందఱు పోయిరో చెప్పు లెక్కలు ఒకదానితో నొకటి పొసగవు. ఊరు పోయిన సంగతి మాత్రము అందఱును ఒప్పుకొందురు. కలకత్తాలో నుండి తుపానుల తీరుతెన్నులు పరిశీలించిన హెన్రీ పిడ్డింగ్టను దొర కోరంగి ఉప్పెనను గూర్చి వ్రాసినవారిలో నొకడు. పాము చుట్ట చుట్టుకొన్నట్లు సుడితిరుగు గాలికి "సైక్లోను" అను పేరును అతడే పెట్టి 1848లో నావికుల కొఱకు వెలువరించిన గ్రంథమున ప్రచారము చేసెను. లోకమంతయు నేడు పలుకు ఆ మాట వెనుక మన కోరంగివారి కన్నీరు కొంత కలదని తెలిసిన వా రెందఱు?

కోరంగి అభయారణ్యము 1978లో ఏర్పడినది. వైశాల్యము సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడచెట్ల నడుమ చెక్కవంతెన మీద కొంతదూరము నడిచిపోవచ్చును, ఆపైన పడవ. పడవకు పోటు రావలెను గనుక జాముసేపు కాచుకొంటిమి. ఆ జాము వ్యర్థము కాలేదు. పోటు తీసిన నేలమీద అడవి తన రహస్యములను దాచుకొనదు.

ఒండ్రునేల గాలి చొరని నేల. ఊపిరాడక వేరు చావవలసినది. అందుచే మడచెట్టు తన వేళ్లను పైకి పంపినది. చెట్టు చుట్టును వందలకొలది వేళ్లు జానెడు జానెడు ఎత్తున మేకులు నాటినట్లు నిలువుగా లేచియున్నవి. అవి దాని ముక్కులు. ఉప్పునీటిని త్రాగి, ఆ యుప్పును ఆకుల గుండ వెలిగ్రక్కును. మా చిన్నవాడు తెల్లమడ ఆకు నొకదానిని నాలుకకు తాకించి "ఉప్పు! ఉప్పు!" అని కేకవేసెను. వానిని చూచి పెద్దది మఱియొక చెట్టు కొమ్మ త్రుంచబోగా పడవవాడు గబాలున వారించెను. అది తిల్లచెట్టు. దాని పాలు కంట బడిన చూపునకు ముప్పు. పొన్న యను మఱియొక జాతి చెట్టు బిడ్డను కడుపుననే పెంచును. కాయ కొమ్మనుండగానే మొలకెత్తి, మూరెడు పొడవై, కఱ్ఱవలె క్రిందికి జాఱి ఒండ్రులో నాటుకొనును. లేదా నీటిలో తేలిపోయి వేఱొకచోట వేరూనును. పుట్టింటనే సారె సిద్ధముచేసి పంపు తల్లి గుర్తుకు వచ్చెను.

పోటు వచ్చినది. పడవ కదలినది. ఇరుప్రక్కల కొమ్మలు వంగి నీటిని తాకుచున్నవి. మట్టగిడసలు ఒండ్రుమీద గెంతుచున్నవి. ఎఱ్ఱని పీతలు మా నీడ పడగానే కన్నములలో దూరినవి. నీటికుక్కలును, చేపలను పట్టి తిను బావురుపిల్లియు ఈ యడవిలో కలవని విని పిల్లలు కన్నార్పక చూచిరి గాని వారికి దర్శనభాగ్యము కలుగలేదు.

పడవవానిని, "నాయనా, ఈ యడవివలన మీకేమి లాభము?" అని యడిగితిమి.

"లాభం అంటే ఏం చెప్పనమ్మగారండీ. తొంభైయ్యారు తుపానప్పుడు నేను పదేళ్లోణ్ణండి. మా నాయన పడవని ఈ కాలవలోకి తోలుకొచ్చి, ఇదిగో ఇలాంటి మడచెట్లకే కట్టేశాడండి. సముద్రంలోకి ఏటకెళ్లినోళ్లు చానామంది తిరిగి రాలేదండి. చెట్లకి కట్టిన పడవలు మట్టుకు ఉన్నాయండి," అనెను.

1996 నవంబరు 6వ తేది రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన ఆ తుపానులో వేయిమందికి పైగా మరణించిరి; కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమైనవి. పడవవాని మాట ఒక్కని యనుభవము గాన ప్రమాణము కాదనువా రుందురు. వారికొఱకు ఇంకొక నిదర్శనము. 1999 అక్టోబరు 29న ఒడిశాను ముంచిన మహాతుపాను పిదప, అచ్చటి కేంద్రపడా జిల్లాలోని వందలకొలది గ్రామములను పోల్చి పరిశోధకులు 2009లో తమ ఫలితములను ప్రకటించిరి. ఊరికిని సముద్రమునకును నడుమ మడ యడవి వెడల్పుగా మిగిలిన చోట ప్రాణనష్టము తగ్గినది. నఱికివేసిన చోట హెచ్చినది. ముందుగా హెచ్చరించి జనమును తరలించుట అంతకంటె నెక్కువ ప్రాణములను కాపాడెననియు వారే వ్రాసిరి. కాబట్టి అడవి యున్నది గదా యని ఇంట కూర్చుండరాదు. హెచ్చరిక యున్నది గదా యని అడవిని నఱకరాదు.

ఈ యడవి గోడ మాత్రమే కాదు, పురిటిల్లు కూడ. రొయ్యపిల్లలు, పండుగప్ప పిల్లలు, పీతలు ఈ నీడలోని మందనీటిలో పెరిగి, బలిసినపిదప సముద్రమునకు పోవును. బెస్తవాడు కనుచూపు మేర దాటి పట్టు చేప బాల్యము ఈ వేళ్ల నడుమనే గడచినది. వేళ్ల క్రింది ఒండ్రులో రాలిన ఆకు, కొమ్మ కుళ్లక వందల యేండ్లు నిలిచి, గాలిలోనికి పోవలసిన బొగ్గును నేలలోనే పాతిపెట్టును.

ఇంతటి యడవికి చేటు ఎచ్చటినుండి వచ్చినది? 1990 ప్రాంతమునుండి రొయ్యల చెఱువులు తీరమంతట పుట్టగొడుగులవలె లేచినవి. మడను కొట్టి, గట్లు వేసి, ఉప్పునీరు నింపిరి. 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టువారు తీరప్రాంత నియమములకు విరుద్ధమగు రొయ్యల చెఱువులను తొలగింపవలెనని తీర్పుచెప్పిరి. పిమ్మట 2005లో తీరప్రాంత చేపల, రొయ్యల పెంపకమును క్రమపఱచు వేఱొక చట్టము వచ్చినది. 2020లో కాకినాడ చేరువ మడ తావును పేదల యిండ్లస్థలములకై పూడ్చుట జాతీయ హరిత ట్రిబ్యునలు నెదుటికి పోయినది. ఇల్లు లేని తల్లికి ఇల్లు వలదని మేమనము. కాని ఉప్పెన వచ్చిన తొలుత మునుగునది ఆ తల్లి యిల్లే. ఆమెకు చూపవలసిన స్థల మది కాదు.

మరల నాటుటయు జరుగుచున్నది. తీరపు పల్లెలలో వన సంరక్షణ సమితులవారు చేప ముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, నడిమి పెద్ద కాలువ నుండి ప్రక్క పిల్లకాలువలలోనికి పోటునీరు ప్రాకునట్లు చేసి, ఆ గట్లయందు మొక్కలు నాటిరట. నీరు నిలిచి ఉప్పు పేరుకొని చచ్చిన నేల మరల చిగిర్చినదట. చేప ఎముకను చూచి అడవిని బ్రతికించిన ఈ యుపాయము మాకు మిక్కిలి నచ్చినది.

పడవ మొగకు చేరువైనప్పుడు తూర్పున ఒక సన్నని ఇసుకగీత కనబడెను. దానినే హోప్ ఐలాండందురు. గౌతమి తెచ్చిన ఇసుకతో సుమారు రెండువందల యేండ్లలో పేరుకొని, ఇంచుమించు పదునాఱు కిలోమీటర్లు సాగిన దిబ్బ. కాకినాడ రేవునకు అది మోచేయి యడ్డుపెట్టినట్లున్నది. శీతకాలము చివర ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేళ్లు ఆ యిసుకమీదకి గుడ్లు పెట్టవచ్చును. ఒక్కొక్కటి రాత్రివేళ గట్టెక్కి, వెనుకకాళ్లతో గుంట త్రవ్వి, నూఱు గుడ్ల వఱకు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడక పోవును. గుడ్లు పొదుగబడుట కేబది దినములకు అటునిటు. వింత యేమనగా, ఆడుపిల్లయో మగపిల్లయో నిర్ణయించునది ఇసుక వేడి. వేడి హెచ్చిన ఆడుపిల్లలు హెచ్చుదురు. భూమి వేడెక్కుచున్న యీ కాలమున ఇది చిన్న సంగతి కాదు.

మఱునాడు ఉప్పాడకు పోయితిమి. కాకినాడ నుండి ఉత్తరముగా సముద్రపుటంచునే త్రోవ. దారిలో ఇసుకమీద చచ్చిన తాబేళ్లు రెండు కనబడినవి. తాబేలు నీటిలో నుండునదే యైనను ఊపిరికై పైకి రావలసినది. అడుగున ఈడ్చు ట్రాలు వలలో చిక్కిన పైకి రాలేక ఊపిరాడక చచ్చును. తప్పించుకొని పోవుటకు వలలో ఇనుప చట్రమును, తలుపును అమర్చవలెనని నియమము కలదు. నియమ మున్నదని ఇసుకమీది తాబేళ్లను చూచిన తెలియదు. కూర్మావతారమునకు శ్రీకూర్మమున కోవెల కట్టుకొన్న జాతికి ఇది యెట్లు తోచవలెనో!

ఉప్పాడ పేరు వినగానే సోదరీమణులకు చీరలే స్ఫురించును. మాకును అంతే. జాందానీ నేతలో జరీ పోగును వేఱుగ పేక నడుమ చేతితో దూర్చి పూవు తీర్తురు. నేర్పరి నేసిన చీర రెండు వైపులను ఒకేరీతిగా నుండును. 2009లో ఆ నేతకు భౌగోళిక గుర్తింపు లభించినది. మగ్గాల వీథిలో ఒక గంట గడిపితిమి. ధర విని మావారు గోడవైపు చూచిరి. చీర కొనలేదు గాని కన్నుల పండుగ యైనది.

మగ్గాల వీథి నుండి సముద్రము దూరము కాదు. గట్టు చేరగానే మాట పడిపోయెను. ఇండ్లు సగము సగము తెగి నిలిచియున్నవి. ఒక యింటి వంటగది గోడకు అలమర యున్నది, దానికి ఎదురుగోడ లేదు. ఆ ఖాళీలో సముద్రము. రాళ్లమీద చేపలు ఎండబెట్టుచున్న వృద్ధ యొకతె మమ్ము చూచి పలుకరించెను. "మామ్మా, మీ యిల్లెక్కడ?" అని యడుగగా నవ్వి చేయి చాచి నీటిని చూపెను.

"అదిగోనమ్మా, ఆ నురుగు తేల్తాందే, అక్కడ మా అత్తోరి ఇల్లండి. నేను కాపరానికొచ్చింది ఆ ఇంటికే. దాని ముందు రామాలయం. దాని ముందు ఇంకో ఈధి. ఇప్పుడున్నది నాకు మూడో ఇల్లండి."

"సముద్రము మీద కోపము రాదా?"

"అమ్మ మీద కోపమేటమ్మా! దానికి ఇసక రావట్లేదంట. ఆకలేసి ఊరు తింటంది."

అంతకంటె బాగుగ శాస్త్రజ్ఞులును చెప్పజాలరు. సముద్రము తీరమునుండి ఇసుకను నిత్యము కోసికొనిపోవును. నదులు తెచ్చిన ఇసుకతో నిత్యము పూడ్చును. ఆ యిచ్చిపుచ్చుకొనుట సమముగా నున్నంతవఱకు ఊరు నిలుచును. గోదావరికి ఎగువను, దిగువను కట్టిన ఆనకట్టల వెనుక ఇసుక ఆగిపోవుచున్నది. హోప్ ఐలాండు ఉత్తరముగా పెరుగుటచే కెరటముల తీరు మాఱినది. రేవుకై కట్టిన కట్టడములు ఇసుక నడకకు అడ్డుతగిలినవి. వీనికితోడు లోకమంతటను సముద్రమట్టము 1901 నుండి 2018 లోపల ఇంచుమించు జానెడు పెరిగినది. 2010 ప్రాంతమున ఇచ్చట జియోట్యూబు లను బ్రహ్మాండమగు గుడ్డగొట్టములలో ఇసుక నింపి గట్టుకు అడ్డుగా పేర్చిరి. కొన్నాళ్లకు అవియు చినిగినవి. పిమ్మట రాళ్లు పోసిరి. ప్రతి తుపానునకు త్రోవ తెగుచునే యున్నది.

ఆనకట్టను నిందించుట సులభమే. కాని 1852లో కాటను దొర ధవళేశ్వరము కడ ఆనకట్ట ముగించకున్న మా యూరి కాలువ లేదు, కాలువ లేక మా పొలము లేదు, మా కంచములో అన్నము లేదు. పులస చేప సముద్రమునుండి ఏటికెదురీది ఆ యానకట్ట వఱకే వచ్చి ఆగుటయు దానివలననే. లాభము మా వైపున పడినది; నష్టము ఉప్పాడ మామ్మ వైపున పడినది. నీరు పంచుకొన్నవారము ఇసుక సంగతి ఆలోచింపలేదు. ఎగువ వారికి దిగువ వారి ఋణమొకటి కలదని మాకు ఆ గట్టుమీద తోచినంత స్పష్టముగ మఱెచ్చటను తోచలేదు.

ప్రక్కనే ఒక యువకుడు వల విదిలించుచుండెను. చేపలు గుప్పెడు. పాలసంచులు, షాంపూ పొట్లములు, మందుల అట్టలు, ఒక చెప్పు. ఇవి రాశిగా పడినవి. షాంపూ పొట్లము మీద తెలుగక్షరములే. ఇవి చీనానుండి కొట్టుకొనివచ్చినవి కావు, కాలువగట్టు ఇండ్లనుండి వచ్చినవే. 2010 సంవత్సరమున లోకములోని తీరదేశములనుండి 48 లక్షల టన్నుల మొదలు 127 లక్షల టన్నుల వఱకు ప్లాస్టిక్ సముద్రమున చేరియుండునని పరిశోధకులు 2015లో అంచనా వేసిరి. అంతటి రాశి తల కెక్కదు. ఆ చెప్పు తల కెక్కును. మురుగునీరును, పొలాల ఎరువును కంటికి కనబడవు గాని వాని పని యింకను కీడు. అవి చేరినచోట నాచు విపరీతముగ పెరిగి, చచ్చి, కుళ్లి, నీటిలోని ప్రాణవాయువు నంతను తినివేయును, చేప బ్రతుకదు. అట్టి మృతజలములు లోకమున నాలుగువందలకు పైగా కలవని 2008లోనే లెక్కకట్టిరి.

సూర్యుడు వాలుచుండగా గట్టు దిగువ కొందఱు స్త్రీలును పిల్లలును తడి యిసుకను దువ్వెనలతోను, పుల్లలతోను గీయుచుండుట కనబడినది. తుపాను పిమ్మట ఈ తీరమున అప్పుడప్పుడు బంగారు నలుసులు దొరకుననియు, అందుకే వెదకుచున్నారనియు మామ్మ చెప్పెను. మునిగిన కోవెలలలోనివి, ఇండ్లలోనివి అని వారి నమ్మకము. "మీకెప్పుడైన దొరకెనా?" అనగా, "ఒకసారి ముక్కుపుడక దొరికిందమ్మా. ఎవరిదో ఏమో, మా అత్తదేనేమో," అని ఆమె మరల చేపలు త్రిప్పుటలో మునిగినది.

పెద్దత్తగారు ఆనాడు ఆమెకడ ఎంతసేపో కూర్చుండిరి. ఏమి మాటలాడుకొనిరో మాకు తెలియదు. తిరుగుత్రోవలో బస్సులో, "వచ్చే ఏడు చొల్లంగికి అడ్డాకు దొన్నెలు నేనే కుట్టి తెస్తాను. మన వీధి వాళ్లందరికీ సరిపడా," అనిరి. మా యూరి స్త్రీసమాజమువారును దీనికి సమ్మతించి, దీపములకు ఆకుదొన్నెలు, పసుపుకుంకుమలకు కాగితపు పొట్లములు తప్ప మఱేమియు యాత్రకు తేరాదని ఏర్పాటు చేసికొన్నారు. 2022 జూలై నుండి ప్రభుత్వమువారు ఒక్కమాఱు వాడి పాఱవేయు కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించియే యున్నారు. ఆ వస్తువులు మా యంగడిలో నేటికిని దొరకుచుండుట వేఱు సంగతి. అంగడివానితో మా సమాజమువా రొకమాఱు మాటలాడిరి, మఱియొకమాఱు మాటలాడెదరు.

ఈ యాత్ర చేయదలచు సోదరీమణులకు కొన్ని సంగతులు. కాకినాడ నుండి చొల్లంగికిని, కోరంగికిని యానాము పోవు బస్సులు చాలును. కోరంగిలో పడవలు పోటును బట్టి నడచును గనుక ముందుగ విచారించుకొని పోవలెను. లేకున్న జాముల తరబడి కాచుకొనవలసివచ్చును. వంతెనమీద చెట్ల కొమ్మలు త్రుంచకుండ పిల్లలను పట్టుకొనుడు. త్రాగునీరు ఇంటినుండి చెంబుతో తీసికొనిపోవుట మేలు. జనవరి మొదలు మార్చి వఱకు తాబేళ్లు గుడ్లు పెట్టు కాలము. అటవీశాఖవారు గుడ్లను ఏఱి కంచెలోని ఇసుకలో పాతి, పిల్లలను సముద్రమున వదలుచుందురు. ఆ సమయము తెలిసికొని పోగలిగిన పిల్లలకు చూపవచ్చును. ఏప్రిలు 15 నుండి జూను 14 వఱకు ఈ తీరమున మరపడవల వేట నిలుపుదల, చేప గుడ్లు పెట్టు కాలమని. ఆ రెండు మాసములు ఉప్పాడలో ఎండుచేప తప్ప అమ్ముకొనుటకు మామ్మవంటి వారికి వేఱేమియు నుండదు. చీరలు చూడ పోవువారు గట్టువఱకును పోయి ఆమెను పలుకరించి రండు.